ఎడమచేతి వేళ్లు

"మాస్టారు ఒప్పుకున్నారమ్మా" అంది ఫోన్లో పాస్టరుగారి భార్య మేబెల్ ఆంటీ. "కాకినాడ నుంచి నిన్నే దిగారు. ఇక ఇక్కడే ఉంటారట. నీకు ఫిడేలు నేర్పిస్తారు."

ఆలిస్ రిసీవరుకే ముద్దు పెట్టేసింది.

పెళ్లయి నెల కాలేదు. ఏం కావాలని జీవరాజు అడిగితే, నగ వద్దని ఫిడేలు కొనిపించుకుంది. నేర్పేవాళ్లు లేక, రోజూ తీసి తుడిచి మళ్లీ పెట్టెలో పెడుతోంది.

అంతలో తలుపు చప్పుడు.

"ముందుగది అద్దెకిస్తారామ్మా? బోర్డు చూశాను."

నెరిసిన జుట్టు, కుడిచేతిలో గొడుగు.

ఆ సంబరంలో ఆలిస్ ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పొగలు కక్కే గాజుగ్లాసుని ఆయన ఎడమచేతి వేళ్ల కొసలతో తాపీగా పట్టుకున్నాడు.

"కాలట్లేదాండీ?"

"ఈ వేళ్లకి తెలీదమ్మా" అని నవ్వాడు.

వేళ్ల కొసలు మొద్దుబారి ఉన్నాయి. దవడ కింద నల్లటి మచ్చ.

ఆలిస్ రెండడుగులు వెనక్కి వేసింది.

"గది... నిన్ననే ఇచ్చేశామండీ."

ఆయన గోడమీది బోర్డుకేసి చూశాడు. "పర్లేదమ్మా."

గేటు వేస్తూ వెనక్కి తిరిగాడు. ఆలిస్ పాత పేపరుతో గ్లాసు పట్టుకుని చెత్తబుట్టలో వేస్తోంది.

సాయంత్రం జీవరాజుకి అంతా చెప్పింది.

"కుష్ఠండీ. మచ్చ ఉంది, స్పర్శ లేదు. బీఎస్సీ జువాలజీ, ఆమాత్రం తెలీదా?"

"అదే అయినా, పెద్దాయన్ని అలా పంపేస్తావా? రెండు చేతులూ అంతేనా?"

"లేదు, ఎడమదే. మచ్చా ఎడమవైపే."

"మరి రోగమెందుకవుతుంది? ఆ చేత్తో ఏ పనో చేసుంటాడు. కాయలు కాయవా?"

"కాస్తాయి. జుట్టులో, గోళ్లలో ఉండే కెరటినే చర్మంలోనూ ఉంటుంది. ఒరిపిడి పడ్డచోట పేరుకుని గట్టిపడుతుంది. కానీ ఎడమచేత్తో, దవడతో కలిపి చేసే పనేముంటుందండీ?" అని నవ్వబోయింది.

నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఫోన్ మోగింది. మేబెల్ ఆంటీ.

"ఆలిస్, నీకు వేరే ఎవర్నైనా చూడాలమ్మా."

"ఎందుకాంటీ?"

"గది కోసం ఎవరింటికో వెళితే, తాగిన గ్లాసు పారేశారట. తీగలు నొక్కి నొక్కి కాయలు కాసిన వేళ్లని, దవడకి ఫిడేలు ఆన్చి ఆన్చి పడ్డ మచ్చని వాళ్లకేం తెలుసు? నేనెంత చెప్పినా వినట్లేదు. రేపు పొద్దున బండికే కాకినాడ వెళ్లిపోతారట మీ మాస్టారు."