వంతెన దగ్గర ఆగిన ఆట

"వద్దండీ, దాన్ని ఆఫీసుకు తీసుకెళ్లొద్దు" అంటూ లీదియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

కృపానందం చేతిలో ఉన్నది అరచేతిలో పట్టే వీడియో గేమ్. కూతురు కరుణది. నిరుడు వానాకాలంలో జ్వరమొచ్చి పోయింది పిల్ల. అది సగంలో ఆపిన ఆట మాత్రం క్యాసెట్‌లో అలాగే ఉండిపోయింది. స్విచ్ వేస్తే టోపీ పెట్టుకున్న ఓ పాప కుక్కపిల్లతో వంతెన మొదట్లో నిలబడి ఉంటుంది. పైన ఇంగ్లీషులో కరుణ అని పేరు.

బిడ్డ బతికున్నన్నాళ్లూ కృపానందానికి ఆఫీసే లోకం. ఆ ఆటను ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం రోజూ సాయంత్రం అతను లింగంపల్లిలో బస్సు దిగి ఇంటికి రాగానే లీదియా స్విచ్ వేసి, ముందొచ్చే బొమ్మలన్నీ చూడకుండానే టకటకా నొక్కి దాటించి, అతని చేతిలో పెట్టేది. ఇద్దరూ ఆడకుండా ఊరికే చూస్తూ కూర్చునేవారు. లీదియాకు ఉన్న ఓదార్పు ఇదొక్కటే అనుకుని, గుండె పిండేస్తున్నా అతనూ చూసేవాడు.

"లోపలి బ్యాటరీ అయిపోవచ్చింది లీదియా. అది పోతే పాప ఆట మొత్తం చెరిగిపోతుంది. కాపీ తీసి, కొత్తది వేసి తెస్తాను."

"పోతే పోనివ్వండి. ఎన్నాళ్లని చూస్తాం?"

రిపేరులో పాడైపోతుందని భయపడి అంటోందిలే అనుకున్నాడు. "నేనున్నాను కదా" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

హైటెక్ సిటీలో అతని ఉద్యోగం, రెండు వేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తికమకపడకుండా చూడటం. ముందు బ్యాకప్, తర్వాతే పని అని కనబడిన ప్రతివాడికీ పాఠం చెప్పే మనిషి.

పక్క సీటులోని అనిల్‌కు ఇలాంటి ఆటలంటే పిచ్చి. క్యాసెట్‌ను కంప్యూటర్‌కు తగిలించే చిన్న పెట్టె, కంప్యూటర్ చేత ఆ గేమ్‌లా నాటకమాడించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం అతని దగ్గరున్నాయి. భోజనాల వేళ ఇద్దరూ కలిసి కాపీ తీశారు. ఆట తాలూకు మొదటి బొమ్మ తెర మీద కనబడగానే కృపానందం ఇక ఆగలేదు. క్యాసెట్ విప్పి, టంకం కరిగించి పాత బ్యాటరీ పీకేశాడు.

"సార్, జర ఆగుండ్రి!" అని అనిల్ అరిచాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఏమైంది? కాపీ ఉంది కదా?"

"కాపీ అయింది ఉత్త గేమే సార్. పాప ఆడి సేవ్ చేసింది వేరేగ తియ్యాలె. అది బ్యాటరీ మీదనే ఉంటది." అనిల్ తల దించుకున్నాడు. "ఇగ లేదు సార్."

కృపానందం కుర్చీలో కూలబడ్డాడు. కూతుర్ని రెండోసారి పోగొట్టుకున్నాడు. ఈసారి తన చేతులతోనే.

"ఇంటికెళ్లి ఏం చెప్పను అనిల్?"

అనిల్ విప్పిన క్యాసెట్‌ను చేతిలోకి తీసుకున్నాడు. "పాప పేరు పెట్టి మీరే ఈ కంప్యూటర్ల ఆడుండ్రి సార్. ఆ వంతెన కాడికి పోయినంక సేవ్ చెయ్యుండ్రి. కొత్త బ్యాటరీ ఏసి, దాన్ని మల్ల క్యాసెట్ల ఎక్కిస్త. మేడంకు తెల్వది."

దొంగపనే. అయినా వేరే దారి లేదు. రిపేరు ఆలస్యమవుతోందని ఇంట్లో చెప్పి, అన్నం మానేసి ఆడాడు. నీళ్లలో పడి చచ్చాడు. గబ్బిలాలు కరిచి చచ్చాడు. చచ్చిన ప్రతిసారీ, ఇంత కష్టమైన దారిని నా తల్లి ఎలా దాటిందో అని గర్వపడ్డాడు. ఆ వెంటనే ఏడుపొచ్చేది. అనిల్ చూడనట్టు అటు తిరిగేవాడు. ఎట్టకేలకు వంతెన వచ్చింది. కుక్కపిల్లను సరిగ్గా పక్కన నిలబెట్టి సేవ్ చేశాడు.

ఆ సాయంత్రం గేమ్‌ను లీదియా చేతిలో పెట్టాడు. ఆమె స్విచ్ వేసి టకటకా నొక్కింది. టోపీ పాప, కుక్కపిల్ల, వంతెన. అన్నీ ఉన్నాయి.

లీదియా బొమ్మను చూడలేదు. అతని ముఖంలోకి చూసింది.

"మీకు తృప్తేనా?" అంది మెల్లగా.

ఆ మాటతో కృపానందం లోపల కట్ట తెగింది. ఆమె ఒళ్లో తల పెట్టి బావురుమన్నాడు.

"ఇది పాప ఆడింది కాదు లీదియా. పాపది నేనే చెరిపేశాను. నీకు తెలియకుండా ఆఫీసులో కూర్చుని ఆడి, ఇక్కడిదాకా తెచ్చాను. నన్ను క్షమించు. నీకు మిగిలిన ఆ కాస్త ఓదార్పు కూడా లేకుండా చేశాను."

లీదియా గేమ్ పక్కన పెట్టింది. అతని జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

"ఏడవకండి. మీరు చెరిపింది పాప ఆట కాదు."

"మరి?"

"పాప పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన రోజు, అందరూ వెళ్లిపోయాక, ఒకసారి చూద్దామని తెరిచాను. అలవాటు లేక ఏం నొక్కానో ఏమో, అంతా పోయింది. అది కూడా లేదంటే మీరేమైపోతారోనని, నాకు ఆస్పత్రి డ్యూటీ లేని మధ్యాహ్నాలన్నీ కూర్చుని నేనే ఆడాను."

ఆమె పక్కనున్న గేమ్ తెర మీది వంతెన వైపు చూసింది.

"పాప ఆ వంతెన ఎప్పుడో దాటేసిందండీ. నాకు అక్కడిదాకే చేతనైంది."