జెండా తాడు

పంద్రాగస్టు పొద్దున చిన్నక్క బడి ముందు జెండా తాడు పట్టుకుని నిలబడింది. ఆ తాడు ఆమె చేతికి అందించిన భర్తను కింద పడేసి తుమ్మకట్టెలతో కొడుతున్నారు.

“ఏమ్మే, సర్పంచి అయితే కాగితాల మీద సంతకం పెట్టుకో. ఎస్సీ కాలనోళ్లు మా ముందర జెండా ఎగరేసేదేంది?” అన్నాడు మాజీ సర్పంచి రాఘవేంద్ర.

“వదలండప్పా, సచ్చిపోతాడు.”

ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది. ఒక్కరూ కదల్లేదు.

భర్త తల పగిలింది. చిన్నక్కకు ఒక్కటే తోచింది. తాడు లాగింది. జెండాలో మడిచిన బంతిపూలు రాలాయి. గొంతెత్తి జాతీయగీతం అందుకుంది.

కట్టెలు ఆగిపోయాయి. రాఘవేంద్ర మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. అతని మనుషులూ నిలబడ్డారు. ఆమె వీలైనంత నిదానంగా పాడింది. లేవలేని భర్త మోచేతుల మీద గేటు దిక్కు పాకసాగాడు.

పాట అయిపోయింది. గేటు ఇంకా నాలుగు అడుగుల దూరంలో ఉంది.

రాఘవేంద్ర ఊరివాళ్ల వైపు తిరిగాడు.

“చూసినారా అన్నా. దేశం పాట పాడతాంటే నిలబడకుండా పోతాండాడు.”

అప్పటిదాకా ఊరికే చూస్తున్నవాళ్లు కూడా ఈసారి కట్టెలు అందుకున్నారు.