మిలేతు సాగనంపు

ఇట్ల దగ్గరికొచ్చి కూర్చోండి నాయనా, గట్టిగా చెప్పే ఓపిక లేదు. కొమరోలు అవతల ఒక పల్లెలో, తారురోడ్డు పక్కన భాగ్యమ్మ మోకాళ్ల మీద ఉంది. డెబ్బై ఎనిమిదేండ్ల మోకాళ్లు, కింద కంకర. ఎదురుగా పాస్టరు కరుణాకరం అయ్యగారు, ఆయన పక్కన మూడు రేకు పెట్టెలు, చుట్టూ గుడోళ్లంతా.

ఆ ఊరికొక ఆనవాయితీ. అయ్యగారికి బదిలీ అయితే ఊరికే బస్సెక్కనీయరు. వెనకటికి బైబిల్లో పౌలు ఊరూరా వాక్యం చెప్పుకుంటూ పోయి, మిలేతు అనే ఓడరేవులో ఎఫెసు ఊరి గుడి పెద్దలను పిలిపించుకున్నాడు గదా. ఇంక నన్ను చూడరు అనేసరికి వాళ్లు మెడ పట్టుకొని ఏడ్చి, ఓడ దాకా సాగనంపినారు. ఈళ్లకు ఆ రోడ్డే రేవు, బస్సే ఓడ. గుడిలో అందరికంటే పెద్దామె మోకాళ్లూని ఆ కథ చెప్పాల, కడాకు మెడ పట్టుకొని ఏడవాల. అప్పుడుగానీ పెట్టెలు బస్సుమీదికి ఎక్కవు. భాగ్యమ్మ ఇట్ల పదిమందిని సాగనంపి అలిసిపోయింది. వచ్చినోళ్లు మనుషుల పేర్లు నేర్చుకునేలోపలే పోతారు. ఈయనొక్కడే ఏడేండ్లు ఉండినాడు.

పోయినేడు ఆయన భార్య కేథరినమ్మ జ్వరంతో పోతే ఈ ఊర్లోనే మట్టి చేసినారు. ఒంటి మనిషికి ఈ కరువు పల్లెలో ఏముంది, పొదిలిలో పెద్ద గుడి, మిద్దె ఇల్లు, పోయి సుఖపడనీ అనుకున్నారు అందరూ. మిషను ఆఫీసోళ్లు మాత్రం కచ్చితంగా చెప్పినారు. ఈపొద్దు ఐదులోపల పొదిలిలో చేరాల, చేరకుంటే ఆ చోటు ఇంకొకరికి, నువ్వు ఉన్నకాడనే ఉండు అని. పదిన్నర బస్సు తప్పితే మళ్లీ రేపే.

బస్సు రానే వచ్చింది. భాగ్యమ్మ కథ ఇంకా మొదటి రేవు త్రోయలోనే ఉంది.

చదువు రాదు, విని పట్టుకున్న కథ. ఒక్క రేవూ వదలదు. అస్సు, మితులేనే, కీయొసు, సమొసు, అన్నిట్లో దిగి, కొంగుతో చెమట తుడుచుకొని, మళ్లీ ఓడెక్కుతాది.

"అవ్వా, నేరుగా మిలేతుకు రా" అన్నాడు గుడి పెద్ద ఏబేలు.

"ఓడరా అది, నీ మోటరుసైకిలు కాదు. గాలి ఎట్ల తోలితే అట్ల పోతాది."

అయ్యగారు గడియారం చూసుకున్నాడు. "పెద్దమ్మా, పొద్దుపోతాంది" అన్నాడు.

ఎట్లనో మిలేతు చేరి, లేచి ఆయన మెడ పట్టుకుంది. ఇంక ఏడుపు. మొగుడు పోయిన దినం, ఎండిన బోరు, కేథరినమ్మ కాచిపోసిన గంజి, అన్నీ తవ్వి తీసింది. విడిపించబోతే వదల్లేదు. సాగనంపు సగంలో ఆపితే కీడని ఎవరూ గట్టిగా లాగలేదు. కండక్టరు రెండుసార్లు అరిచి, మీ ఏడుపు అయ్యేసరికి మార్కాపురంలో జనం నన్ను ఏడిపిస్తారని, రైట్ చెప్పి పోయినాడు.

ఏబేలు తన బండి మీద గిద్దలూరులో దించుతా, ఆడ ఇంకో బస్సు దొరుకుతాదన్నాడు. మూడు పెట్టెలతో ఏడ కుదురుతాదిలే అన్నాడు అయ్యగారు. ఏబేలు కోపం అవ్వ మీదికి తిరిగింది.

"నువ్వు చచ్చినప్పుడు ప్రార్థన చేసేదానికి ఒకరుండాలని ఆపుకున్నావు. ఆ మనిషి బాగుపడొద్దా?"

భాగ్యమ్మ పెట్టె మీద కూలబడి మోకాళ్లు పిసుక్కుంది. పెద్దామెను అనొద్దు, దేవుని చిత్తం అని, అయ్యగారు ఒక పెట్టె నెత్తికెత్తుకొని ఊర్లోకి తిరిగినాడు. వారం దినాలు ఆమెతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడించుకునే ఓపిక ఆమెకూ లేదు.

ఇది గుర్తుపెట్టుకొని మీ ఇండ్లల్లో చెప్పండి, ఆ ఆఫీసోళ్ల చెవిన మాత్రం పడనీయొద్దు. నిదానంగా ఏడువు పెద్దమ్మా అని ఆ పొద్దు తెల్లారుజామున వచ్చి బతిమాలింది అయ్యగారే.