ఉత్తుత్తి నాబ్

కీబోర్డు వాయించే అతను చనిపోయిన వారానికి, రాక్ బ్యాండు అభిమానులు హాల్లో సంతాపసభ పెట్టారు. ప్రతి కచేరీలో అతని వేళ్లే తమకు ప్రాణమని మైకు పట్టుకుని ఏడ్చారు. బతికుండగా వాళ్ల చప్పట్లన్నీ గిటారువాడికే. నేనేం తక్కువ తిన్నానా? పన్నెండేళ్లు ఆ బ్యాండుకి సౌండు చూసింది నేనే.

"అన్నా, నా కీబోర్డు నాకే వినపడట్లేదు. కాస్త పెంచవా?" అని ప్రతిసారీ వేదిక మీంచి బతిమాలేవాడు. గిటారువాడేమో పెంచొద్దన్నాడు. అందుకని నా సౌండు బల్ల మీద ఏ వైరూ కలపని నాబ్ ఒకటి తిప్పి, "పెంచాను తమ్ముడూ" అనేవాణ్ణి. అతను సరేనని నవ్వేవాడు.

అందరూ వెళ్లాక దీపాలు ఆర్పాను. వేదిక మీద పూలు కప్పిన కీబోర్డు ఒక్కటే మిగిలింది. దాని వైరు అప్పటికే చుట్టి సంచిలో పెట్టేశాను. చెవులకున్న హెడ్‌ఫోన్లు తీయబోతుంటే వాటిలో వినపడింది.

"అన్నా, కాస్త పెంచవా?"

అలవాటుపడ్డ చెయ్యి ఆ నాబ్‌నే తిప్పింది. "పెంచాను తమ్ముడూ."

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. అప్పుడు నా భుజం పక్కనుంచి, ఎప్పటిలాగే మెత్తగా:

"అది ఉత్తుత్తిదని మొదటిరోజే తెలుసన్నా."