రెండో అంతస్తు కిటికీ

సముద్రం ముందుకొచ్చి జాలరిపల్లెను మింగేశాక అందరికీ ఒకే డెబ్బై అంతస్తుల మేడ ఇచ్చారు. ఆ మేడ మీంచి పడిన పిల్లుల్ని ఏరి, ఎవరివి వాళ్లింటికి చేర్చడమే నూకాలు ఉద్యోగం. ప్రతి పిల్లి మెడకీ ఒక పట్టీ ఉంటుంది. పిల్లి జారగానే అది గొడుగులా విచ్చుకుని మెల్లగా దించుతుంది. పట్టీలు వచ్చాక జనం, పిల్లులు పడకుండా కిటికీలకు కట్టుకున్న పాత చేపలవలలు విప్పేశారు. నూకాలూ విప్పేసింది.

ఆ సాయంత్రం నడుం పట్టుకుని చివరగా ఏరబోయింది తన పిల్లినే. పట్టీ విచ్చుకోలేదు. ముందుకాలు విరిగింది. పశువుల డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్లింది.

"మాది రెండో అంతస్తే కద, డాక్టరుబాబూ!"

"అందుకేనమ్మా. అంత తక్కువ ఎత్తులో పట్టీ విచ్చుకునేలోపే నేల తగిలేస్తుంది. పూర్వం పిల్లులే గాల్లో ఒళ్లు తిప్పుకుని కాళ్ల మీద వాలేవి. పట్టీలతో పెరిగినవాటికి ఆ అలవాటే పోయింది."

ఇంటికొచ్చి, అన్నమైనా తినకుండా, మంచం కింది వల లాగి కిటికీకి కట్టసాగింది. పక్కింటి హైమ తొంగిచూసింది.

"ఏటత్తా, మళ్లీ వేటకెల్తన్నావేటి?"

"నవ్వే, నవ్వు. మీ పిల్లికింకా నాలుగు కాళ్లూ బాగున్నాయి గదా."

హైమ నవ్వు ఆగిపోయింది. "మా కిటికీకీ కట్టీసి పెడతావేటి?"

"రేపు. ఈయేళ సేతులు లెగడం లేదు."

చివరి ముడి వేసి నూకాలు కూలబడింది. పిల్లి కట్టుకాలు ఈడ్చుకుంటూ వచ్చి, ఇంకా చేపవాసన వదలని ఆ వలను నాకడం మొదలుపెట్టింది.

"నాకితే నాకు గానీ, కొరక్కే తల్లీ. మళ్లీ ముడెయ్యడానికి నాకు ఓపిక్లేదు."