ఆఖరి తీగ

"ఇంకోటి పీకండి," అన్నాడు తనిఖీ అధికారి.

ఎలక్ట్రీషియన్ ఇంజనీరు వైపు చూశాడు. ఆమె తలూపింది. అతను కంప్యూటర్ల వెనక్కి దూరి, ప్రమాదం రాకముందే గంట కొట్టే ప్రోగ్రాంకు వెళ్లే మరో తీగ పీకాడు.

గోడ అవతల ఫ్యూజన్ యంత్రం గుర్రుమంది. తెర మీద ప్లాస్మా గులాబి రంగు కంకణంలా వెలిగింది. సూర్యుణ్ణి మించిన వేడి అది. అయస్కాంతాలే దాన్ని గోడకు తగలకుండా పట్టి ఉంచాలి. ఇప్పుడు తక్కువ శక్తితో నడుస్తోంది కాబట్టి సరిపోయింది. పూర్తి శక్తితో నడిచేటప్పుడు అదుపు తప్పితే లోపలి గోడంతా కరిగిపోతుంది.

గంట మోగింది. ప్రోగ్రాం ముందే పసిగట్టింది. అయస్కాంతాలు సర్దుకున్నాయి. కట్టు తెంచుకోబోయిన ప్లాస్మా నెమ్మదించింది.

"వేడి కొలిచే తీగ పీకేశాం. అయస్కాంతాల సంగతి దానికి చెప్పే తీగలూ పీకేశాం. మరి దేన్ని చూసి చెబుతోందమ్మా? జాతకమా?"

"పాత రికార్డులతో నేర్పాం సర్. మా నాన్న ఈ యంత్రాన్ని నడిపిన రోజులవి."

ఆమె చెయ్యి సంచిలో తాళంచెవిని నలుపుతోంది. పక్కనున్న ఆపరేటర్ గదిది.

"ఆయన చెయ్యి భలే చెయ్యి సర్," అన్నాడు ఎలక్ట్రీషియన్. "ప్లాస్మా తిక్కగా ఉందనిపిస్తే చాలు, యంత్రాన్ని ఆపేసే ఎర్ర బటన్ మీద మూత ఎత్తి వేలు సిద్ధంగా పెట్టుకునేవాడు. పిరికిపంద అని ఏడిపించేవాళ్లం. ఏ మాటకామాటే, ఒక్కసారీ తప్పేది కాదు."

"కథలు తర్వాత. ఇది దేన్ని చూస్తోందో తేలకుండా నేను సంతకం పెట్టను. మీ ప్రాజెక్టు ఇక్కడితో సరి."

తీగలు ఒక్కొక్కటే ఊడాయి. ఊడిన ప్రతిసారీ గంట మోగుతూనే ఉంది.

ఒక్కటే మిగిలింది. ఎలక్ట్రీషియన్ దాని మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"వద్దులే అమ్మాయ్."

"పీకు బాబాయ్."

పీకాడు. యంత్రం గుర్రుమంది. గంట మోగలేదు. గోడ అవతల దభీమని చప్పుడు. తెర నల్లబడింది.

"ఆ తీగ ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"ఆపరేటర్ గదిలోని ఎర్ర బటన్ మూత నుంచి సర్," అందామె.

అధికారి పగలబడి నవ్వాడు. "ఓరి దీని దుంపతెగ! ప్లాస్మా మొహమే చూడలేదన్నమాట! పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసినట్టు, అక్కడ కూర్చుని మీ నాన్నగారు మూత ఎత్తగానే ఇది గంట కొడుతోంది. అయినా పొద్దుట్నుంచీ ఒక్కటీ తప్పలేదంటే ఆయన మామూలు మనిషి కాదు. పిలవండమ్మా, ఓసారి చెయ్యి కలపాలి."

ఎలక్ట్రీషియన్ నవ్వలేదు. ఆమె తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"మా నాన్న చనిపోయాకే కద సర్, ఆ గదికి తాళం వేసి ఈ ప్రోగ్రాంను పనిలో పెట్టాం."