బోలు రాయి

"ఇంకోసారి పైకొచ్చిందంటే తొట్టి మీద ఇనప వల బిగించేస్తాను," అన్నాడు మేనేజరు. "అప్పుడు చచ్చినట్టు కిందే ఉంటుంది."

మరో దిమ్మ చెక్కుతున్న మేస్త్రి చేతిలో కత్తి ఆగిపోయింది.

"గాలి కోసం వస్తోందండీ. అంతసేపు అడుగున ఉండలేక..."

"మిగతావేవీ రావడం లేదే! అన్ని చేపలున్నాయి, దీనికొక్కదానికేనా ఈ రోగం? అది అడుగున తిరుగుతుంటే చూద్దామని జనం టిక్కెట్టు కొంటారు. మాటిమాటికీ పైకి తేలి నోరు తెరిస్తే ఎవడిక్కావాలి? సాయంత్రం పెద్దవాళ్ళు వస్తున్నారు. నీ రాళ్ళేవో అప్పటికల్లా దింపెయ్."

తాళంచెవులు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ప్రదర్శనశాలలో గోడంత అద్దాల తొట్టి. నిజం రాళ్ళు దింపితే అద్దం ఎక్కడ పగులుతుందోనని భయం. అందుకే మేస్త్రిని పెట్టుకున్నారు. థర్మోకోల్ దిమ్మలు అతికించి, కాల్చిన కత్తితో గుట్టలా చెక్కి, పైన సిమెంటు పూత మీద పూత వేసి, ఆరాక రంగులద్దుతాడు. కొండరాయి చూసినా తన చుట్టమే అనుకోవాలి. చిక్కల్లా ఒకటే, దొంగ రాయి మునగనంటుంది. అడుగున గచ్చుపలకలు కూరి మెడలు వంచాలి.

ఈసారి చేసిన రాయి సంగతి మేనేజరుకి పూర్తిగా చెప్పలేదు. ముందునుంచి చూస్తే గుట్ట. వెనకంతా బోలు. ఆ బోలులోకి ఒక గాలి గొట్టం. ఇదివరకు విడిగా గొట్టం పెడితే అందం చెడుతోందని పీకించేశాడు ఆ మహానుభావుడు.

వెనక షెడ్డులోనే వాళ్ళ కాపురం. కొన్నాళ్ళుగా రాయిని నానబెట్టిన పెద్ద టబ్బులో చెయ్యి పెట్టి చూసింది మేస్త్రి తల్లి. పచ్చి సిమెంటులోంచి సున్నం దిగుతుంది. నీళ్ళు మారుస్తూ నానబెట్టకుండా తొట్టిలో దింపితే లోపలున్నవాటి ప్రాణం మీదికొస్తుంది.

"జారుడు తగలడం లేదురా. సున్నం పోయినట్టే."

"ఇంకోసారి చూడమ్మా. అసలే దాని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి."

ఆవిడ మళ్ళీ ముంచి, వేళ్ళు రుద్దుకుని చూసింది. "పోయిందంటే వినవేం? పొద్దున దానికి తిండి పెట్టావా?"

"కాస్త. ఎక్కువ పెట్టొద్దన్నాడు. పొట్ట ఉబ్బితే చూడ్డానికి బాగోదట."

"వాడి పొట్టకేం, బాగుందా? దాన్ని చూడ్డానికి ఎవడు కొంటాడటా టిక్కెట్టు?"

మేస్త్రి టబ్బులో నీళ్ళు వంపేశాడు.

"దాన్ని తీసుకుని పోదాం పదరా," అంది తల్లి, గొంతు తగ్గించి.

"గేటు దగ్గర కాపలావాడు ఊరుకుంటాడా? సీజన్ అయ్యేదాకా అది నాదే అన్నాడుగా. నేనే కదమ్మా తెచ్చి అప్పగించింది! ఇంత పెద్ద తొట్టి, హాయిగా ఈదుకుంటుంది అనుకున్నాను."

"ఎవరికెక్కడ ఊపిరివ్వాలో దేవుడికి తెలుసు. మధ్యలో మార్చడానికి మనమెవరంరా?"

కొడుకుని అడిగిందో, పైవాణ్ణి అడిగిందో.

ఆవిడ వంగి బోలులోకి చూసింది. "ఇందులో పడుతుందా?"

"ముడుచుకుంటే పడుతుంది. తోక కూడా బయటికి కనపడకూడదు."

"ఆ తోక బరువుకే సగం అలిసిపోతోంది పిచ్చిది."

సాయంత్రం తాళ్ళు కట్టి రాయిని దింపారు. బుడగలు వదిలి బుద్ధిగా కూర్చుంది. దీపాలు వెలిగాయి, సంగీతం మొదలైంది. జనం అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డారు. నిచ్చెన పక్కన చుట్టిన ఇనప వల. దాని పక్కన మేనేజరు.

చిన్న చేపల గుంపు మధ్యనుంచి అది ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో వేగం తగ్గింది. మూడో చుట్టు సగంలోనే ఆగి, పైకి చూసింది.

మేనేజరు వల వైపు చెయ్యి చూపించాడు. పనివాడు దాన్ని భుజానికెత్తుకున్నాడు.

'పైకి కాదు, వెనక్కి... రాయి వెనక్కి వెళ్ళవే తల్లీ,' అనుకున్నాడు మేస్త్రి. అద్దానికి దగ్గరగా జరిగి వేలితో రాయిని చూపించాడు. చూసిందో లేదో. పైకి లేవబోయి, ఒక్కసారి మెలితిరిగి, గుట్ట వెనక మాయమైంది. తోక కూడా కనపడలేదు.

పనివాడు నిచ్చెన మీద ఆగిపోయాడు.

గుట్ట వెనకనుంచి బుడగలు గుత్తులుగుత్తులుగా లేచాయి. మేస్త్రి తానూ ఊపిరి బిగబట్టానని అప్పుడే గమనించి, వదిలాడు.

కాసేపటికి రాయి చాటునుంచి, కాళ్ళకి తొడిగిన రబ్బరు తోక జాడించుకుంటూ బయటికొచ్చి, అద్దం ఇవతల కేరింతలు కొడుతున్న జనానికి నవ్వుతూ చెయ్యి ఊపింది మేస్త్రి కూతురు.